ఆటయు అనుమానమును

గెలుపోటములు దైవాధీనములని మన పెద్దలు చెప్పుదురు. వానిని మనుష్యాధీనములుగా జేయ యత్నించినవారును ప్రతికాలమునందును గలరు. పల్నాటి వీరుల కథ వినని తెలుగువారుండరు. కోడిపందెమున నోడి బ్రహ్మనాయుని పక్షమువారు ఏడేండ్లు సీమ విడిచి పోవలసివచ్చెనని ఆ కథ. ఆ పందెమున నాగమ్మ పక్షమువారు కపటము చేసిరని చెప్పుకొనువారు నేటికిని గలరు. కోడి చచ్చి ఎనిమిది వందల యేండ్లైనను అనుమానము మాత్రము చావలేదు. మోసపు గెలుపునకు గల దోషమిదియే: అది యొక్క పందెముతో ముగియక, ఆ పందెమును తలచుకొను వారందరి మనస్సులను తరతరములు కలచుచుండును.

మన కాలమున ఆ కోడిపందెపు స్థానమును లీగు పోటీలు ఆక్రమించినవి. లక్షలకొలది జనులు వానిని చూచుచున్నారు. కోట్లకొలది రూప్యములు వానిచుట్టు తిరుగుచున్నవి. జట్టొకటి చేతికందిన గెలుపును జారవిడిచినచో "అమ్ముడుపోయినారు" అని ఒకడనును. వెనుకబడిన జట్టు హఠాత్తుగా పుంజుకొన్నచో "పైవారే నడిపించుచున్నారు" అని మరియొకడనును. ఈ మాటలు వట్టి వీధి మాటలా, వీనికి చరిత్రలో ఆధారమేమైన కలదా? ఫుట్బాలు లీగు పోటీలకు పుట్టినిల్లయిన ఇంగ్లండు దేశపు ఫుట్బాలు చరిత్రను ముఖ్యముగా గైకొని ఈ ప్రశ్నను విచారింతము.

లీగనగా కొన్ని జట్లు కూడి కట్టుబాటు చేసికొని, ఏడాది పొడవున ప్రతి జట్టును తక్కిన జట్లన్నిటితో ఆడి, వచ్చిన పాయింట్లను బట్టి అంతరువులు నిర్ణయించుకొనుట. వినుటకిది మిక్కిలి సులభము. కాని దీనియందొక విచిత్రము గలదు. ఒక వీధిలో రెండు బట్టల అంగళ్లున్నచో, రెండవది మూతపడవలెనని మొదటివాడు కోరును. లీగునందట్లు కాదు. ఎదుటి జట్టు మూతపడినచో తనకు ఆటయే లేదు. ఎదుటి జట్టు మరీ బలహీనమైనచో చూడవచ్చువారే లేరు. ఇందు పోటీదారులే భాగస్వాములు. మైదానమున శత్రువులైనవారు లెక్కల గదిలో మిత్రులై యుండవలెను. అనుమానమునకు విత్తనము ఈ రెండు పాత్రల సంధియందే పడినది.

1885లో ఇంగ్లండున ఆటగాండ్రకు జీతమిచ్చుట ధర్మసమ్మతమయ్యెను. జీతమీయవలెనన్న రాబడి నిలుకడగా నుండవలెను గదా! అందులకై ఆస్టన్ విల్లా క్లబ్బునకు చెందిన విలియం మెక్గ్రెగర్ అను నాతని ప్రేరణమున 1888లో 12 క్లబ్బులు చేరి ఫుట్బాలు లీగును స్థాపించెను. అనతికాలముననే రెండవ తరగతియు ఏర్పడెను. పై తరగతిలో అడుగున నిలిచిన జట్లును, క్రింది తరగతిలో ముందు నిలిచిన జట్లును ఏడాది చివర పరీక్షపోటీలాడి, ఎవరు పైన నుండవలెనో ఎవరు క్రిందికి దిగవలెనో తేల్చుకొనుచుండిరి.

1898 ఏప్రిలులో అట్టి పరీక్షపోటీ యొకటి స్టోక్, బర్న్‌లీ జట్ల నడుమ జరిగెను. అప్పటి లెక్కప్రకారము ఆ ఆట సమానముగా ముగిసినచో రెండు జట్లకును పై తరగతియందు స్థానము దొరకును. ఇక చెప్పనేల? రెండు పక్షములవారును గోలువైపు బంతిని కొట్టుటయే మానిరి. ఒక్క గోలును లేక ఆట ముగిసెను. చూడవచ్చినవారు గేలిచేసిరి. ఇందెవ్వడును లంచము పుచ్చుకొనలేదు. చీకటిలో ఎవ్వడును ఎవ్వనితోను గుసగుసలాడ నక్కరయే లేకపోయెను. కట్టుబాటే ఇరువురికి నొక్క ఫలితమును లాభకరముగా జేసిపెట్టెను. లీగువారు వెంటనే పరీక్షపోటీల పద్ధతిని తీసివేసి, మొదటి తరగతిని 16 జట్లనుండి 18 జట్లకు పెంచిరి. ఆ పాఠమును లోకమంతయు నేర్చుకొనలేదనుటకు 1982లో స్పెయిను దేశమున హీహోన్ పట్టణమున జరిగిన పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియాల పోటీయే సాక్షి. జర్మనీ ఒక్క గోలు చేసినపిమ్మట ఇరుపక్షములకును ఆ ఫలితమే చాలినందున తక్కిన కాలమంతయు బంతిని అటునిటు దొర్లించుచు గడపిరి. అటుపిమ్మటగాని గుంపు చివరి పోటీలను ఒకే వేళ ఆడించు నియమము రాలేదు. దీనినిబట్టి మొదట తెలియవలసిన దేమనగా, ప్రతి అనుమానాస్పద ఫలితమునకు వెనుక దుర్మార్గుడుండ నక్కరలేదు. చెడ్డ నియమ మొకటి యున్నను చాలును.

ఇక రెండవ సంగతి. జట్ల బలములు సమానముగా నుండిననే ఆట రక్తికట్టునని లీగు పెద్దలు గ్రహించిరి. ధనవంతమైన క్లబ్బు మంచి ఆటగాండ్రనందరిని కొనిపోయినచో బీద క్లబ్బులు నశించునని వారి భయము. ఆ భయము నిష్కారణము కాదు. కాని దానికి వారు కనిపెట్టిన మందెట్టిదో చూడుడు. 1893 మొదలు ఒక క్లబ్బున నమోదైన ఆటగాడు, తన ఒడంబడిక గడువు తీరినను, ఆ క్లబ్బు సమ్మతిలేక వేరొక క్లబ్బునకు పోరాదనిరి. 1901 మొదలు ఎంతటి ప్రవీణునికైనను వారమునకు 4 పౌన్లకు మించి జీతమీయరాదనిరి. జట్ల సమత్వమను మేడను ఆటగాని వీపుపై కట్టిరన్నమాట. వేలకొలది జనులు ఎవని ఆటను చూచుటకు రుసుమిచ్చి వచ్చుచుండిరో, వానికి మాత్రము ఆ రాబడితో నిమిత్తము లేదు.

అట్టి కట్టుబాటునకు ఫలము త్వరలోనే కనబడెను. మాంచెస్టర్ సిటీ జట్టున బిల్లీ మెరెడిత్ అను ప్రఖ్యాతుడైన ఆటగాడుండెను. ఆస్టన్ విల్లాతో ఆడిన పోటీలో, గెలుపును వదలుకొనుటకై ఆ జట్టువానికి 10 పౌన్లు ఇవ్వజూపెనన్న నేరముపై ఫుట్బాలు అసోసియేషను 1905లో నాతనిని నిషేధించెను. క్లబ్బు తన్ను పోషింపక విడిచినందున నాతడు నోరు విప్పెను. అంతట విచారణలో తేలినదేమనగా, ఆ క్లబ్బు నియమిత జీతమునకు మించి రహస్యముగా ఆటగాండ్రకు సొమ్మిచ్చుచుండెను. 1906లో 17 మంది ఆటగాండ్రు ఒక్కమారుగా శిక్షింపబడిరి. ఆలోచింపుడు: న్యాయమైన జీతమును బహిరంగముగా నీయరాదని శాసించినందున, దానిని చాటుగా నిచ్చుట అలవాటయ్యెను. చాటున సొమ్ము పుచ్చుకొనుటకు అలవడిన చేయి, ఆ సొమ్ము జీతమా, బహుమానమా, లంచమా యని ఎంతకాలము విచారించును? ఆ మెరెడితే 1907 డిసెంబరులో మాంచెస్టరున ఆటగాండ్ర సంఘమును స్థాపించినవారిలో నొకడగుట గమనింపదగినది.

ఇట్లుండగా 1914లో యూరపు మహాయుద్ధము వచ్చెను. ఆ యేటి లీగు మాత్రము ఆగక నడచెను. రాబోవు ఏడు ఆటలుండవనియు, జీతములు నిలిచిపోవుననియు ఆటగాండ్ర కందరకు తెలిసినదే. 1915 ఏప్రిలు 2వ తేదీ, గుడ్‌ఫ్రైడే నాడు, ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున మాంచెస్టర్ యునైటెడ్, లివర్పూల్ జట్లు తలపడెను. యునైటెడ్ జట్టు 2 గోళ్లతో గెలిచెను; లివర్పూలు ఒక్కటియు చేయలేదు. ఆట చూచినవారికి ఏదో వింతగా నుండెను. యునైటెడ్‌వారు పెనాల్టీ తన్ను నొకదానిని గోలునకు దూరముగా పోనిచ్చిరి. లివర్పూలు ఆటగాడొకడు బంతిని గోలుకమ్మికి తగులునట్లు కొట్టగా, తోడివారే వానిపై కసరిరి. అప్పటికి యునైటెడ్ పక్షమున నాడుచున్న వృద్ధ మెరెడిత్, తనకు కుట్ర తెలియదనియు, ఆనాడు తనవారెవ్వరును తనకు బంతి నందీయకుండుట చూచి అనుమానపడితిననియు తరువాత చెప్పెను. ఆ ఫలితముపైననే, సరిగా ఆ అంకెలపైననే, ఒకటికి ఏడు రెట్లు చొప్పున పెక్కు పందెములు కాయబడెనని పందెపు వ్యాపారులు మొరపెట్టిరి.

విచారణసంఘము ఆ డిసెంబరులో తీర్పు చెప్పెను. లివర్పూలువారు నలుగురు, యునైటెడ్‌వారు మువ్వురు, మొత్తము ఏడుగురు కూడబలుకుకొని ఫలితమును ముందుగా నిర్ణయించిరని తేల్చి వారిని యావజ్జీవము నిషేధించిరి. యుద్ధమున సేవచేసినవారికి 1919లో క్షమాభిక్ష లభించెను. వారిలో శాండీ టర్న్‌బుల్ 1917లోనే రణరంగమున హతుడైనందున, ఆతని నిషేధము మరణానంతరమే తొలగెను. ఈనాక్ వెస్ట్ ఒక్కడు తాను నిరపరాధినని న్యాయస్థానమునకెక్కి ఓడెను. ఆతని నిషేధము 1945 వరకు నిలిచెను. అప్పటికాతనికి ఆరు పదుల వయస్సు సమీపించినది. తక్కినవారు క్షమింపబడిరి, తప్పొప్పుకొననివాడు ముప్పదియేండ్లు వెలియైయుండెను.

వ్యక్తులకు శిక్షపడినది, మరి ఫలితమేమైనది? ఇచ్చటనే చరిత్ర మనలను నిలిపి ప్రశ్నించుచున్నది. ఆ యేటి పట్టికలో యునైటెడునకు 30 పాయింట్లు, చెల్సీకి 29, టాటెన్‌హామునకు 28. గెలుపునకు రెండేసి పాయింట్లు గావున, ఆ గుడ్‌ఫ్రైడే ఆటలో ఓడియున్నచో యునైటెడ్ చెల్సీకంటె క్రిందికి దిగవలసియుండెను. క్లబ్బులకు కుట్రలో పాలులేదని చెప్పి ఆ ఫలితమును రద్దుచేయలేదు. ఆటగాండ్రు దొంగలని తీర్పుచెప్పినవారే వారు దొంగిలించిన పాయింట్లను పట్టికలో నుంచిరి!

యుద్ధానంతరము 1919లో లీగును తిరిగి నడపబూనినప్పుడు ఈ చిక్కు పెద్దలకు గుర్తువచ్చెను. మొదటి తరగతిని 20 జట్లనుండి 22 జట్లకు పెంచిరి. క్రింది తరగతిలో మొదటి రెండు స్థానములందిన డెర్బీ, ప్రెస్టన్ జట్లు పైకి వచ్చెను. నష్టపడిన చెల్సీని పైననే యుంచిరి. ఇంతవరకు న్యాయమే. మిగిలిన ఒక్క స్థానము టాటెన్‌హామునకు దక్కునని లోకులు తలచిరి. కాదన్నచో క్రింది తరగతిలో మూడవదైన బార్న్‌స్లీ కలదు; నాలుగవదైన వుల్వర్‌హాంప్టన్ కలదు. కాని ఓటు తీసినప్పుడు ఆర్సెనల్‌కు 18, టాటెన్‌హామునకు 8, బార్న్‌స్లీకి 5, వుల్వర్‌హాంప్టన్‌కు 4 వచ్చెను. ఆర్సెనల్ 1915లో క్రింది తరగతిలో మొదటి నాలుగు స్థానములలోను లేదు!

ఆర్సెనల్‌కు అధిపతి సర్ హెన్రీ నారిస్. ధనికుడు, పార్లమెంటు సభ్యుడు. 1913లోనే తన క్లబ్బును టాటెన్‌హాము చెంతనున్న హైబరీకి తరలించినవాడు. లీగు అధ్యక్షుడు జాన్ మెకెన్నా లివర్పూలు క్లబ్బునకు చెందిన పెద్ద. ఆతడు సభలో ఆర్సెనల్ పక్షము వహించి, అది టాటెన్‌హాముకంటె చాలకాలము ముందే లీగున చేరినదని వాదించెను. అది నిజమే, ఆర్సెనల్ 1893లో చేరెను, టాటెన్‌హాము 1908లో. కాని కాలమే ప్రమాణమైనచో 1888 నాటి స్థాపక క్లబ్బులలో నొకటియైన వుల్వర్‌హాంప్టన్ ఏమైనది? ఈ ప్రశ్నకు సమాధానము లేదు. లంచము నడచెనని నాడే కొందరు గొణిగిరి. శతాబ్దము గడచినను నిరూపించినవారు లేరు. నిరూపణ లేనప్పుడు నేరము మోపుట ధర్మము కాదు. అయినను, ఆటలో సంపాదింపవలసిన స్థానమును ఓటుతో నిచ్చినవారికి, ఆ యిచ్చుటకు కారణము చెప్పవలసిన భారము లేదందుమా? ఆ కారణము తిన్నగా చెప్పకుండుటచేతనే ఉత్తర లండనులో ఆ రెండు క్లబ్బుల అభిమానులు నేటికిని ఆ ఓటును తలచి తగవులాడుచున్నారు. మన కోడిపందెము వంటిదే ఇదియు.

జీతములు చాలకనే ఆటగాండ్రు అమ్ముడుపోయిరని దీనినంతటిని ఒక్కమాటలో తేల్చివేయుదమా? అట్లును కాదు. ఆటగాండ్ర సంఘము పోరాడి 1961లో జీతపు పరిమితిని రద్దుచేయించెను. అప్పటికది వారమునకు 20 పౌన్లు. 1963లో జార్జి ఈస్ట్‌హాము వ్యాజ్యమున, ఆటగాని కట్టివేయు పాతపద్ధతి అన్యాయమని న్యాయస్థానము తీర్పుచెప్పెను. అయినను 1962 డిసెంబరులో షెఫీల్డ్ వెన్స్‌డే జట్టు ఇప్స్‌విచ్ చేత ఓడిన ఆటలో, ఆ జట్టువారే మువ్వురు తమ యోటమిపై పందెము కాసిరి. 1964లో పత్రిక యొకటి దానిని బయటపెట్టెను. మరుసటి యేడు వారు చెరసాలకేగిరి. వారిలో ఇద్దరు ఇంగ్లండు పక్షమున నాడినవారు. కావున అన్యాయపు జీతము ప్రలోభమునకు ద్వారము తెరచునేగాని, న్యాయపు జీతమొక్కటే ఆ ద్వారమును మూయజాలదు. పందెపు వ్యాపారమున్నంత కాలము వేరు కావలి యవసరము.

అమెరికా చరిత్రయు ఈ మాటనే బలపరచుచున్నది. 1919లో చికాగో వైట్ సాక్స్ అను బేస్‌బాల్ జట్టు సిన్సినాటి చేతిలో ఓడెను. జూదరుల సొమ్మునకాశపడి బుద్ధిపూర్వకముగా ఓడిరని ఎనిమండుగురిపై అభియోగము వచ్చెను. 1921 ఆగస్టులో జ్యూరీ వారిని నిర్దోషులనెను. మరునాడే క్రీడాధిపతి లాండిస్ వారిని శాశ్వతముగా వెలివేసెను. వారిలో బక్ వీవర్ సొమ్ము ముట్టలేదు. ముట్టినవారిని గూర్చి ఎరిగియు పలుకకుండుటయే ఆతని నేరము. 2025లో గాని మృతులైన వారి పేళ్లను ఆ నిషేధపట్టికనుండి తొలగింపలేదు. ఆ దేశముననే బాస్కెట్‌బాల్ లీగున, అడుగునబడిన జట్టుకు క్రొత్త ఆటగాండ్రలో మేటిని ముందుగా నిచ్చు పద్ధతి యుండెను. సమత్వమునకై ఏర్పరచిన ఈ పద్ధతి వలన, కావలెననియే ఓడు జట్లున్నవన్న అనుమానము పుట్టెను. దానిని పోగొట్టుటకు 1985లో చీట్లు తీయు పద్ధతి పెట్టిరి. మొదటి చీటి న్యూయార్కు జట్టునకు రాగా, ఆ చీటియే కపటమని వేరొక అనుమానము పుట్టెను. దానికిని నిరూపణ లేదు. తరువాత సాక్షుల యెదుట అంకెలు వ్రాసిన బంతులను తీయుట ఆచారమయ్యెను. ఒక అనుమానమును మాన్పబోయి చాటుపని చేసినచో, మరియొక అనుమానము పుట్టునని దీని తాత్పర్యము.

మన దేశమును ఈ చరిత్రకు వెలుపల లేదు. 2000లో క్రికెట్టున జూదరుల సంపర్కము బయటపడినప్పుడు, హైదరాబాదువాడైన మహమ్మద్ అజారుద్దీను యావజ్జీవ నిషేధమునకు గురియయ్యెను; 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చెల్లదని చెప్పెను. పండ్రెండేండ్లకు వచ్చిన తీర్పు ఆటగానికి మైదానమును తిరిగి ఈయజాలదు. నేరము నిజమైనచో దానికి గట్టి రుజువు కావలెను. కానిచో నాతనికి సత్వరమైన న్యాయము కావలెను. రెండును ఆనాటి విధానమున కొరవడెను. 2008లో మొదలైన ఐపీఎల్ లీగున ప్రతి జట్టునకును ఖర్చుపెట్టుటకొక్కటే పరిమితి విధించి, ఆటగాండ్రను బహిరంగమైన వేలములో తీసికొనుచున్నారు. మొదటి యేట అందరికంటె అడుగున నిలిచిన హైదరాబాదు డెక్కన్ చార్జర్స్ 2009లో విజేతయగుట తెలుగువారికి జ్ఞాపకముండును. వేలము ఎల్లరి యెదుట జరిగినది గావున, ఆ మార్పునకు హేతువు వెదకువాడు లెక్కలు చూచుకొనవచ్చును. కాని 2013లో ఆ లీగుననే ఆటగాండ్రు కొందరు అరెస్టగుటయు, 2015లో లోధా సంఘము రెండు జట్లను రెండేసి యేండ్లు తొలగించుటయు జరిగినవి. ఆటను అమ్ముట ప్రత్యేకనేరముగా నొక చట్టము చేయవలెనని 2018లో లా కమిషను తన 276వ నివేదికలో సూచించెను.

ఈ చరిత్ర నుండి మనము గ్రహింపదగినవి నాలుగు. ఒకటి, ఓటమియే లాభకరమగు నియమము నెన్నడును చేయరాదు. రెండు, సమత్వమునకై చేయు ప్రతి యేర్పాటును లెక్కలతో, కారణములతో ముందుగా ప్రకటింపవలెను. మూడు, ఆ సమత్వమునకు వెల ఆటగాని కడుపునుండి తీయరాదు. నాలుగు, లీగు సొమ్ముతో బ్రతుకువారు లీగు నేరములను విచారింపరాదు. విచారించువారు వేరుగా నుండవలెను.

ఇక చూచువారమైన మనకును ధర్మమొకటి కలదు. మన జట్టు గెలిచినప్పుడు శౌర్యమనియు, ఓడినప్పుడు కుట్రయనియు పలుకుట అనుమానము కాదు, అది పక్షపాతము. నిజమైన అనుమానము తన జట్టు గెలుపును సయితము ప్రశ్నించును. 1915లో మాంచెస్టరు ప్రజలకు ఆ రెండు గోళ్లు ఎంత ప్రీతికరములై యుండెనో ఊహింపుడు. వారి జట్టు నిలిచెను గదా! అయినను ఆనాడు ఆ మైదానమున కూర్చుండి, తనవారి గెలుపు సరియైనది కాదని గొణిగినవాడే ఆటకు నిజమైన స్నేహితుడు. అట్టివారు పదిమంది యున్న యూరిలో ఆటను అమ్ముట కష్టము.